రాయిని లేపి మళ్ళీ అక్కడే పెడితే

మ్యూజియాల్లో అద్దాల పక్కన పెట్టే చిన్న బోర్డుల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. వస్తువు ఏమిటో చెప్తాయి, ఏ శతాబ్దానిదో చెప్తాయి, కంచుదా పాలరాతిదా చెప్తాయి. దొరికిన ఊరి పేరు కూడా వేస్తాయి. అక్కణ్ణుంచి ఇక్కడికి ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, తెచ్చేటప్పుడు అక్కడ ఏం పోయింది అనే దగ్గరికి వచ్చేసరికి బోర్డు అయిపోతుంది. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసినప్పుడు మొదలైన ఈ ఫిర్యాదు, గ్రీసులో థెస్సలోనికి చూశాక బాగా ముదిరింది.

బైబిలు చదివే తెలుగు ఇళ్ళలో ఈ ఊరి పేరు కొత్తదేమీ కాదు. థెస్సలొనీకయులకు పౌలు రాసిన రెండు పత్రికలు చర్చిల్లో వినబడుతూనే ఉంటాయి. ఊరు మాత్రం పౌలుకంటే పాతది. క్రీ.పూ. 315 ప్రాంతంలో మాసిడోనియాను ఏలిన కసాండర్ కట్టించి, తన భార్య పేరు పెట్టాడు. ఆవిడ అలెగ్జాండర్‌కు సవతి చెల్లెలు. తర్వాత రోమన్లు వచ్చారు, తూర్పు రోమన్ సామ్రాజ్యం నడిపిన బైజాంటైన్లు వచ్చారు, 1430 నుంచి 1912 దాకా ఒట్టోమన్ తుర్కులు ఏలారు. ఏథెన్స్‌లోలాగా కొండమీది గుడిని చూపించి ‘ఇదే మా ఊరు’ అనే వీలు ఇక్కడ లేదు. ఇన్నేళ్ళలో జనం ఖాళీ చెయ్యని ఊరు కాబట్టి ఏ మూల పునాది తవ్వినా ఎవరో ఒకరి గోడ తగులుతుంది. 1960ల్లో కోర్టు భవనాలు కడదామని తవ్వితే రోమన్ల నాటి ఫోరం, అంటే ఊరి సభాస్థలం, బయటపడింది. కోర్టు ఆలోచన మానుకున్నారు. ఇప్పుడు అక్కడ ఊరి నడిబొడ్డున పెద్ద తవ్వకం, చుట్టూ అపార్ట్‌మెంట్లు, వాటి బాల్కనీల్లో ఆరేసిన బట్టలు.

అలాంటి ఊళ్ళో మెట్రో వేద్దామనుకున్నారు.

మా అన్నయ్య సివిల్ ఇంజనీరు, మెట్రో పనుల్లోనే చాలా ఏళ్ళు గడిపాడు. నేను థెస్సలోనికి వెళ్తున్నానని తెలియగానే రాళ్ళ సంగతి వదిలేసి స్టేషన్ల ఫోటోలు పంపమన్నాడు. ఈ వ్యాసంలో సగం అతనితో ఫోన్లో పడిన గొడవే.

ఆ మెట్రో గురించి ఊళ్ళో ఒక తరం మొత్తం జోకులు వేసుకుంటూ పెరిగింది. 1980ల్లో ఒక మేయర్ సొరంగం తవ్వడం మొదలుపెట్టి ఆపేస్తే, మిగిలిన గుంతను ‘కూవెలాస్ గొయ్యి’ అని ఆయన పేరుతోనే పిలిచారు. అసలు పని 2006లో మొదలైంది. రైలు కదిలింది 2024 నవంబర్ 30న. 13 స్టేషన్లు, 9.6 కిలోమీటర్లు, డ్రైవర్ లేని రైళ్ళు. దీనికి 18 ఏళ్ళు పట్టింది. మధ్యలో గ్రీసు అప్పుల సంక్షోభం వచ్చింది, డబ్బు ఆగింది, కాంట్రాక్టు తగాదాలు నడిచాయి. అయినా ఆలస్యం ఎందుకని అడిగితే ముందు వినబడేది రాళ్ళ పేరే. తవ్వకాల్లో 3 లక్షలకు పైగా వస్తువులు దొరికాయని లెక్క.

అసలు గొడవ వెనిజెలూ స్టేషన్ దగ్గర వచ్చింది. ఎగ్నాటియా అనే పెద్ద రోడ్డును వెనిజెలూ వీధి దాటే కూడలి అది. ఆ కూడలి కింద కొన్ని మీటర్ల లోతున పాలరాతి పలకలు పరిచిన ఇంకో రోడ్డు దొరికింది. అదీ ఇంచుమించు ఇప్పటి రోడ్డు పోయే దారినే పోతోంది. దానికి రెండు వైపులా దుకాణాలు, పనిశాలలు. అడ్డంగా వచ్చి కలిసే వీధి కూడా అక్కడే ఉంది. అంటే బైజాంటైన్ల నాటి కూడలి మీద ఇప్పటి కూడలి కూర్చుంది. పైన రోడ్డు మీద నిలబడి చుట్టూ చూస్తే ఒక పక్క 15వ శతాబ్దపు హమ్జా బే మసీదు కనబడుతుంది. అది 20వ శతాబ్దంలో చాలాకాలం అల్కజార్ అనే సినిమా హాలుగా నడిచింది. కొంచెం కిందికి నడిస్తే అదే శతాబ్దంలో తుర్కులు బట్టల వ్యాపారానికి కట్టించిన బెజెస్తెని, పైన ఆరు గుమ్మటాలు. ఇప్పటికీ లోపల బట్టల కొట్లే. తానుల్లోంచి గుడ్డ లాగి బల్లమీద పరిచి కొలిచే ఆ పద్ధతి చూస్తే మన పాత బజార్లలో ఉన్నట్టే ఉంటుంది. నేను ఒక లైనింగ్ గుడ్డ కొన్నాను, అవసరం లేకపోయినా.

ఈ రోడ్డును ఏం చెయ్యాలి? మొదట అన్న మాట: లేపి, ఊరి పడమటి వైపున్న ఒక పాత మిలిటరీ క్యాంపుకు తరలిద్దాం. ఊరు ఒప్పుకోలేదు. అప్పటి మేయర్ యానిస్ బుతారిస్, పురావస్తు నిపుణులు, యూనివర్సిటీ వాళ్ళు అడ్డం తిరిగారు. 2017 నాటికి రోడ్డును కదపకుండా దాని కిందే స్టేషన్ కట్టే డిజైన్‌కు ఆమోదం దొరికింది. 2019లో ప్రభుత్వం మారింది, నిర్ణయమూ మారింది. ముక్కలుగా లేపుదాం, స్టేషన్ కట్టుకుందాం, మళ్ళీ అదే చోట పేర్చుదాం అన్నారు. వ్యవహారం గ్రీసులో అత్యున్నత పాలనా న్యాయస్థానానికి వెళ్ళింది. 2021లో చాలా స్వల్ప మెజారిటీతో ప్రభుత్వం వైపు తీర్పు వచ్చింది. రోడ్డును విడదీశారు, స్టేషన్ కట్టారు, రోడ్డును తిరిగి పేర్చారు. ఇప్పుడు స్టేషన్‌లోకి దిగితే ఆ రోడ్డు కనబడుతుంది.

నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు, కూరగాయల సంచులతో పెద్దవాళ్ళు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో పిల్లలు దాని పక్క నుంచే పోతుంటారు. టికెట్ కొని మ్యూజియానికి జన్మలో రాని మనిషి కూడా రోజూ రెండుసార్లు 1500 ఏళ్ళ నాటి రోడ్డు చూస్తాడు.

ఫోటో పంపగానే అన్నయ్య ఫోన్ చేశాడు. “చూశావా, ఉంచారుగా? ఇంక నీ ఏడుపు దేనికే?” అన్నాడు. అతని వాదన కొట్టిపారేసేది కాదు. స్టేషన్ కట్టాలంటే పెద్ద పెట్టెలాంటి గొయ్యి తవ్వాలి. పైన ఉన్నదాన్ని కదపకుండా కింద తవ్వొచ్చు, చేస్తారు కూడా. కానీ టైము, డబ్బు, రిస్కు మూడూ పెరుగుతాయి. పైన వేలాడుతున్న రోడ్డు ఒక్క అంగుళం కుంగితే పగిలేది ఆ పాత పలకలే. “జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి మళ్ళీ పెట్టడమే రాళ్ళకు మంచిది. పైగా కింద పొరల్లో ఏముందో తవ్వి చూసుకోవచ్చు. మీ పురావస్తు వాళ్ళకే లాభం కదా” అన్నాడు. నిజమే. రోడ్డు అక్కడే ఉంటే దాని కింద ఉన్న ఇంకా పాత ఊరిని ఎవరూ చూడలేరు.

నా ఇబ్బంది అది కాదు. లేపి పెట్టినదాన్ని ‘ఉన్నచోటే ఉంది’ అనడం దగ్గరే నా అభ్యంతరం. రాళ్ళు పాతవే. వాటి వరస కూడా పాతదే అనుకుందాం. కానీ వాటి కింద ఇప్పుడున్నది కాంక్రీటు. పలకకీ పలకకీ మధ్య శతాబ్దాలుగా చేరిన మట్టి, ఎప్పుడో ఒకసారి మరమ్మతు చేసినవాడు కింద నింపిన రాళ్ళు, గోడ మొదట్లో కారిన నీటి చార, ఇవన్నీ తిరిగి పేర్చడం ఎవరి వల్లా కాదు. కొత్త పద్ధతులు వచ్చాక 100 ఏళ్ళ తర్వాత ఎవరో ఒక పరిశోధకురాలు ఆ రోడ్డును ప్రశ్నలు అడగాలనుకుంటే, సగం ప్రశ్నలకు జవాబిచ్చే నేల ఉండదు. పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్‌లో 7వ అధికరణం ఈ మాటే చెప్తుంది: కట్టడాన్ని దాని చోటు నుంచి విడదీయకూడదు, దాన్ని కాపాడడానికో, అతి ముఖ్యమైన జాతీయ, అంతర్జాతీయ ప్రయోజనానికో తప్ప. మెట్రో ఆ మినహాయింపు కిందికి వస్తుందా రాదా అన్నదాని మీదే అన్నేళ్ళు కొట్టుకున్నారు. వస్తుందనే వాళ్ళతో నేను ఒప్పుకుంటాను కూడా, 18 ఏళ్ళు రోడ్లు తవ్వి ఉన్న ఊళ్ళో బతికినవాళ్ళకు రైలు కావాలి. మినహాయింపు వాడుకున్నామని మాత్రం రాసి పెట్టాలి.

ఆ స్టేషన్‌కు నేను బోర్డు రాస్తే ఇలా రాస్తాను: ‘మీరు చూస్తున్న రోడ్డు ఇక్కడిదే. మెట్రో కోసం దీన్ని ముక్కలుగా విడదీసి తీసుకెళ్ళాం, స్టేషన్ కట్టాక తెచ్చి పేర్చాం. వద్దన్నవాళ్ళు కోర్టుకు వెళ్ళారు, ఓడిపోయారు. రాళ్ళు పాతవి, వాటి కింది నేల కొత్తది.’ ప్రభుత్వాలు ఇలాంటివి రాయవని తెలుసు. అన్నయ్య కూడా ఇది విని నవ్వాడు.

ఇక అసలు మ్యూజియం. అంతర్జాతీయ ట్రేడ్ ఫెయిర్ జరిగే మైదానం దగ్గర, 1962లో తెరిచిన పొడవాటి భవనం. చాలా హాళ్ళు వేగంగా దాటేశాను. తలలేని విగ్రహాలు, విగ్రహాల్లేని తలలు. ఆగిపోయింది డెర్వేని వస్తువుల దగ్గర.

ఊరికి కాస్త ఉత్తరాన డెర్వేని కనుమ దగ్గర, అదే 1962లో, హైవే వెడల్పు చేస్తుంటే సమాధులు బయటపడ్డాయి. ఇక్కడ కూడా రోడ్డు పనే, గమనించండి. ఒక సమాధిలో 90 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువు ఉన్న కంచు పాత్ర దొరికింది. వైన్‌లో నీళ్ళు కలిపే పాత్ర అది, కానీ అందులో ఉన్నవి మనుషుల ఎముకలు. చూసినవాళ్ళందరూ ముందు బంగారం అనుకుంటారు. బంగారం చుక్క కూడా లేదు, తగరం పాలు ఎక్కువ కలపడంతో వచ్చిన మెరుపది. ముందు వైపు వైన్ దేవుడు డయోనిసస్ బద్ధకంగా వెనక్కి వాలి, కుడి కాలు తీసి పక్కనున్న భార్య అరియాడ్నే ఒళ్ళో వేసి కూర్చుంటాడు. కొత్త పెళ్ళికొడుకు వాలకం! చుట్టూ ఒళ్ళు తెలియకుండా ఆడుతున్న ఆడవాళ్ళు. వెనక వైపు తిరిగితే ఒక్క కాలికే చెప్పున్న మనిషి. ఎవరతను అన్నదాని మీద పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. అద్దం చుట్టూ తిరుగుతూ చూస్తే ఒక్కో అడుగుకీ ఒక్కో కథ మొదలవుతుంది.

దానికంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం కొన్ని నల్లటి పేలికలు. డెర్వేని పపైరస్. క్రీ.పూ. 4వ శతాబ్దంలో చితి మీద వేసిన ఒక పుస్తకపు చుట్ట. పూర్తిగా కాలి ఉంటే బూడిదయ్యేది, అసలు కాలకపోతే ఆ తేమ నేలలో కుళ్ళిపోయేది. సగం మాడింది కాబట్టే మిగిలింది. యూరప్‌లో మిగిలిన పుస్తకాల్లో అతి పాతది ఇదేనంటారు. 2015లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ జాబితాకు ఎక్కింది. ఆ పొడుంలాంటి ముక్కల్ని విప్పి, అతికించి, 26 కాలమ్‌లుగా చదివారు. దేవతల పుట్టుక గురించి గ్రీకు పురాణాల్లోని కవి ఓర్ఫియస్ పేరు మీద ఉన్న పద్యానికి ఎవరో రాసిన వ్యాఖ్యానం. పద్యంలో పైకి కనబడే అర్థం వేరు, అసలు అర్థం వేరు అని వాదిస్తాడు ఆ వ్యాఖ్యాత. మన భాష్యకారులు చూస్తే చాప వేసి కూర్చోబెట్టేవాళ్ళు.

ఇలాంటివి మ్యూజియంలోనే ఉండాలి. కనుమ దగ్గర రోడ్డు పక్కన పెట్టి ‘స్వస్థానం’ అంటే పిచ్చితనం. ఎక్కడిది అక్కడే ఉండాలని నేను పట్టుబట్టేదాన్ని కాదు.

కాకపోతే ఇదే మ్యూజియం ఒక పెద్ద పని చేసింది, దాని గురించి ఎక్కువ మంది మాట్లాడరు. 1977లో మనోలిస్ ఆంద్రోనికోస్ వెర్గినా దగ్గర మట్టి దిబ్బ తవ్వి, దోచుకోని రాజసమాధి బయటపెట్టాడు. సూర్యుడి గుర్తున్న బంగారు పెట్టె, అందులో కాలిన ఎముకలు. అలెగ్జాండర్ తండ్రి రెండో ఫిలిప్‌వేనని ఆయన అన్నాడు, వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఆ బంగారం ఏళ్ళ తరబడి థెస్సలోనికి మ్యూజియంలోనే ఉండేది, ప్రపంచం నలుమూలల నుంచి జనం దానికోసమే వచ్చేవాళ్ళు. 1997లో వెర్గినాలో ఆ దిబ్బ కిందే, సమాధుల చుట్టూ మ్యూజియం కట్టి తెరిచారు. బంగారం సమాధుల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది. తన దగ్గరున్న అతి పెద్ద ఆకర్షణను ఒక మ్యూజియం ఒక చిన్న ఊరికి వదిలిపెట్టింది. రాజధానులు ఇలా చెయ్యడం నేను పెద్దగా చూడలేదు.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం అయితే అస్సలు చెయ్యదు. రోమన్ల నాటి ఒక వరండాలో పై అంతస్తు స్తంభాలు, ముందూ వెనకా బొమ్మలు చెక్కినవి, థెస్సలోనికిలో ఒక యూదుల ఇంటి పెరట్లో నిలబడి ఉండేవి. 1492లో స్పెయిన్ నుంచి తరిమేస్తే వచ్చి ఇక్కడ స్థిరపడిన యూదులు తమ స్పానిష్‌లో, అంటే లాదినోలో, వాటిని ‘లాస్ ఇంకంటాదాస్’ అనేవాళ్ళు, మంత్రం వేస్తే రాళ్ళయిపోయిన వాళ్ళని. 1864లో ఎమ్మాన్యుయేల్ మిల్లర్ అనే ఫ్రెంచి పండితుడు సుల్తాను అనుమతి పట్టుకొచ్చి నాలుగు స్తంభాలనూ ఊడదీసి పారిస్ పంపించాడు. 2015లో ఊరికి వాటి నకళ్ళు వచ్చాయి. ఇంచుమించు అదే కాలంలో, 1859లో, మన అమరావతి ఫలకాలు మద్రాసు నుంచి లండన్‌కు ఓడెక్కాయి. కథ మనకు కొత్తేం కాదు కాబట్టి దీని మీద ఇంకా రాయను.

మనకు అంతకంటే దగ్గరి కథ నాగార్జునకొండ. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ అది. 1955 డిసెంబర్‌లో నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. లోయ మునగక ముందే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వకాలు గబగబా సాగాయి. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుక విప్పి కొండ మీదా, జలాశయం ఒడ్డునున్న అనుపులోనూ తిరిగి పేర్చారు. వెనిస్ చార్టర్ ఇంకా పుట్టని రోజుల్లో! గ్రీకు పద్ధతిలా కనబడే మెట్ల ప్రదర్శనశాల కూడా అలాగే అనుపుకు వచ్చింది. లాంచీ దిగి కొండ మీద తిరిగేవాళ్ళలో చాలామంది ఆ స్తూపాలు మొదటి నుంచీ అక్కడే ఉన్నాయనుకుంటారు. నాతో వచ్చిన చుట్టాలూ అలాగే అనుకున్నారు. అసలు ఊరు నీళ్ళ కింద ఉందని చెప్తే రెయిలింగ్ దగ్గరికి వెళ్ళి కిందికి చూశారు. డ్యాము వద్దని నేను అనను, ఆ నీళ్ళతో పండిన అన్నం తిన్నదాన్ని. కానీ ఆ కొండ మీద అందరికీ కనబడేలా, పెద్ద అక్షరాలతో, ‘ఇది ఇక్కడిది కాదు, కింది నుంచి తెచ్చాం, మిగతాది ముంచాం’ అని ఉండాలి. ముంచిన వాటిలో పొలాలున్నాయి, మనుషులు ఖాళీ చేసిన ఊళ్ళున్నాయి.

అన్నయ్య అడిగాడు, “బోర్డు ఎవడు చదువుతాడే?” అని. చాలామంది చదవరు. నేను అడిగేది వాళ్ళకోసం కాదు. రాయడానికి కూర్చున్న అధికారి ‘ఏం పోయింది’ అనే గడి నింపాల్సి వస్తే, తర్వాతిసారి ఫైలు మీద సంతకం పెట్టే ముందు కాసేపు ఆలోచిస్తాడని.

థెస్సలోనికిలో ఆ గడి అందరికంటే ఖాళీగా ఉన్నది మెట్రోలో కాదు, యూనివర్సిటీలో. అరిస్టాటిల్ యూనివర్సిటీ క్యాంపస్ ఉన్న నేల ఒకప్పుడు యూదుల శ్మశానం. శతాబ్దాల నాటిది, 3 లక్షలకు పైగా సమాధులుండేవని అంచనా. ఆ స్థలం కోసం నగరపాలకులు యుద్ధానికి ముందు నుంచే అడుగుతున్నారు. 1942 డిసెంబర్‌లో, జర్మన్ల ఆక్రమణలో, వాళ్ళ అనుమతితో పలుగులు పడ్డాయి. సమాధి రాళ్ళు గోడల్లోకి, బాటల్లోకి, మరమ్మతుల్లోకి వెళ్ళిపోయాయి. తర్వాతి ఏడాది మార్చి నుంచి ఆ రాళ్ళ మీద పేర్లున్న వాళ్ళ మనవల్ని రైళ్ళెక్కించారు. ఊళ్ళో 50 వేల దాకా ఉన్న యూదుల్లో నూటికి 90 మందికి పైగా తిరిగి రాలేదు.

బైజాంటైన్ రోడ్డు కోసం ఏళ్ళ తరబడి ఊరు చీలిపోయి వాదించుకుంది, కోర్టు దాకా వెళ్ళింది, ఓడినవాళ్ళు కూడా రాళ్ళను ఊళ్ళో నిలబెట్టగలిగారు. శ్మశానం రాళ్ళకు ఆ వాదన జరగలేదు. అవి పాతవి కాకపోవడం వల్ల కాదు, వాటిలో 16వ శతాబ్దానివి కూడా ఉన్నాయి. ఆ రాళ్ళు ‘మనవి’ అని ఊరు అనుకోలేదు. క్యాంపస్‌లో ఒక స్మారకం రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. దాని ఆవిష్కరణలో, ఇన్నాళ్ళూ నోరు విప్పనందుకు ఊరు సిగ్గుపడుతోందని అన్నది మేయర్ బుతారిస్. వెనిజెలూ రోడ్డును కదపొద్దని పోట్లాడిన ఆ బుతారిసే. రెండు పోరాటాలూ ఒక్కటేనని ఆయనకు తెలిసినట్టు చాలామందికి తెలియలేదని నా అనుమానం.

ఆ స్మారకం వెతుక్కుని వెళ్ళేవాళ్ళకే కనబడుతుంది. క్లాసులకు వచ్చే వేలమంది పిల్లలు ఇప్పుడు యూనివర్సిటీ స్టేషన్‌లో రైలు దిగుతున్నారు. నన్ను ఒకటే బోర్డు రాయమంటే వెనిజెలూను పక్కన పెట్టి దాన్ని ఆ మెట్ల దగ్గర పెట్టిస్తాను, గ్రీకులోనూ ఆ సమాధుల్లో ఉన్నవాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకున్న లాదినోలోనూ. పైకి ఎక్కేవాళ్ళు ఏ నేల మీద నడవబోతున్నారో అక్కడే రాసి ఉండాలి.